టాండెం సైకిల్ మీద టూర్ డి ఫ్రాన్స్ వెంట - నా అనుభవం

టూర్ డి ఫ్రాన్స్, అంటే ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాలు జరిగే సైకిల్ రేసు, చూడ్డానికి టికెట్ ఉండదు. ఈ మాట మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు, "అంత పెద్ద పోటీ అంటావు, ప్రపంచమంతా చూస్తుందంటావు, ఊరికే ఎట్లా చూడనిస్తారే" అంటుంది. నిజంగానే ఊరికే. మామూలు రోజుల్లో పాల వ్యాన్లు, బస్సులు తిరిగే రోడ్డునే ఆ ఒక్కరోజు కొన్ని గంటలు మూసేస్తారు, ఆ రోడ్డు పక్కన ఎవరైనా నిలబడొచ్చు, పసుపు జెర్సీ (అప్పటిదాకా అన్ని రోజుల టైమూ కలిపితే అందరికంటే ముందున్నవాళ్ళకి ఇస్తారు) వేసుకున్నవాడు మీ ముందు నుంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వెళ్తాడు. ఇంకే ఆటలోనూ ఇంత దగ్గరగా చూడనివ్వరు. నాకు ఈ రేసంటే ఇంత ప్రేమ రావడానికి మొదటి కారణం అదే. రెండోది, వాళ్ళు ఎక్కే కొండని పొద్దున మనమూ ఎక్కొచ్చు, అదే రోడ్డు మీద, అదే మలుపుల్లో. పొద్దున మనం ఎక్కి చచ్చిన వాలు మీద సాయంత్రం వాళ్ళెట్లా ఎక్కుతున్నారో చూస్తే అప్పుడర్థమవుతుంది అసలు సంగతి, టీవీలో వందసార్లు చూసినా అర్థం కాదు.

మేం ఉండేది గ్రెనోబుల్‌లో, చుట్టూ ఆల్ప్స్ కొండలే. 2022 టూర్ రూటు ప్రకటించినప్పుడు జులై 13న పదకొండో స్టేజి (ఒక్కోరోజు రేసుని స్టేజి అంటారు) ఆల్బర్ట్‌విల్ నుంచి కోల్ దు గ్రనోన్ పైకి, జులై 14న పన్నెండో స్టేజి బ్రియాన్సన్ నుంచి ఆల్ప్ దుయెజ్ పైకి అని చూసి మా ఆయనా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. రెండూ మాకు సైకిల్ దూరమే. కారులో వెళ్ళాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు, మా టాండెం ఉంది కదా.

టాండెం అంటే తెలియనివాళ్ళకి చెప్తా, ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తొక్కే సైకిల్. ముందున్నవాళ్ళని కెప్టెన్ అంటారు, హ్యాండిల్, బ్రేకులు, గేర్లు అన్నీ వాళ్ళ చేతిలోనే. వెనకున్నవాళ్ళు స్టోకర్, అది నేను. ఇద్దరి పెడల్స్‌నీ ఎడమవైపు ఒక చెయిన్ కలుపుతుంది, కుడివైపు చెయిన్ వెనక చక్రానికి వెళ్తుంది. దాంతో ఏమవుతుందంటే ముందాయన కాళ్ళు తిరిగితే నా కాళ్ళూ తిరగాల్సిందే, ఆయన ఆపితే నావీ ఆగాల్సిందే, అందుకని నోరు మూసుకుని తొక్కడం కుదరదు, రోజంతా మా మధ్య "గుంట", "గేర్ మారుస్తున్నా", "ఆపుతున్నా", "లేస్తున్నా" అని నడుస్తూనే ఉంటుంది. నాకు ముందు రోడ్డు కనపడదు, మా ఆయన వీపు కనపడుతుంది, పక్కన కొండలూ లోయలూ కనపడతాయి. మ్యాప్, తిండి, నీళ్ళు, ఫోటోలు, చెయ్యి సిగ్నళ్ళు నా డిపార్ట్‌మెంట్. ఎక్కుడులో టాండెం చాలా నిదానం, మామూలు సైకిల్ వాళ్ళు పలకరించి మరీ దాటిపోతారు. దిగుడులో మాత్రం ఇద్దరి బరువు కలిసొచ్చి బాణంలా పోతుంది, అప్పుడు బ్రేకుల మీద నమ్మకం ఉండాలి.

మ్యాప్ ముందేసుకుని కూర్చున్నప్పుడు మా ఆయనకి ఒక విషయం తట్టింది, ఈ ప్రయాణం మొత్తానికి ప్రాణం అదే. పన్నెండో స్టేజిలో రేసర్లు బ్రియాన్సన్‌లో బయల్దేరి లోతారే కనుమ మీదుగా గాలిబియే ఎక్కి, అటువైపు వల్వార్ దిగి, మోరియెన్ లోయలో చుట్టు తిరిగి, క్రువా ద ఫేర్ ఎక్కి దిగి, అప్పుడు ఆల్ప్ దుయెజ్ అడుగుకి వస్తారు. మొత్తం 165 కిలోమీటర్లు. కానీ లోతారే దగ్గర గాలిబియే వైపు తిరక్కుండా నేరుగా కిందకి దిగిపోతే ఆల్ప్ దుయెజ్ కింద ఉండే బూర్ ద్వాజాన్ ఊరొచ్చేస్తుంది. బ్రియాన్సన్ నుంచి అరవై, డెబ్భై కిలోమీటర్ల మధ్య. ఆ దిగే రోడ్డు మీద ఆరోజు రేసు లేదు. అంటే ముందురోజు గ్రనోన్ మీద రేసు చూసి, మర్నాడు తెల్లారుజామున బయల్దేరితే, బరువులేసుకున్న టాండెం మీద కూడా వాళ్ళకంటే ముందు ఆల్ప్ దుయెజ్ చేరొచ్చు. 1986లో కూడా ఇదే రూట్‌లో స్టేజి నడిచింది, అప్పటి పెద్ద రేసర్లు హినాల్ట్, లెమాండ్ ఇద్దరూ పైన చేతులు పట్టుకుని గీత దాటిన ఫోటో సైకిల్ పిచ్చి ఉన్న ప్రతివాళ్ళూ చూసే ఉంటారు, అది ఆ స్టేజే.

టెంటు, చిన్న గ్యాస్ స్టవ్వు, పడుకునే బ్యాగులు, చలికోట్లు (జులై అయినా రెండువేల మీటర్ల పైన పొద్దున్నే వణుకే) సైడు బ్యాగుల్లో పెట్టాం. తిండికి నేను అటుకులు, కారప్పొడి, సున్నుండలు తెచ్చుకున్నా. సున్నుండలు ఎక్కుడుకి ఎంత బాగా పనికొస్తాయో చెప్పలేను, మినప్పిండి, బెల్లం, నెయ్యి, షాపులో అమ్మే ఎనర్జీ బార్లన్నీ దాని ముందు దిగదుడుపే, ఎండకి కాస్త కరుగుతాయి అంతే, డబ్బాలో పెట్టుకోవాలి.

గ్రెనోబుల్ నుంచి విజీల్ మీదుగా రొమాన్ష్ నది వెంట బూర్ ద్వాజాన్ దాకా రోడ్డు పెద్ద కష్టమేం కాదు. అక్కడి నుంచే లోతారే ఎక్కుడు మొదలు. అది బాగా నిట్టనిలువు కాదు గానీ అయిపోదు, నలభై కిలోమీటర్ల దాకా సాగుతూనే ఉంటుంది, మధ్యలో సొరంగాలు. సొరంగాల్లో లారీ వస్తే ఆ శబ్దం గోడలకి కొట్టుకుని మన వీపు మీద పడ్డట్టే ఉంటుంది, ముందూ వెనకా లైట్లు లేకుండా వెళ్ళొద్దు. లా గ్రావ్ అనే ఊరు దగ్గరికొచ్చాక మాత్రం అన్నీ మర్చిపోతాం. ఎదురుగా లా మేజ్ శిఖరం, 3,983 మీటర్లు, మంచు దాని ఒళ్ళో నుంచి కిందకి వేలాడుతూ ఉంటుంది. ముందు కూర్చున్నాయన రోడ్డు చూసుకోవాలి, నాకా బాధ లేదు, తొక్కుతూనే కళ్ళారా చూశా. స్టోకర్ సీటు విలువ నాకు తెలిసింది అట్లాంటి చోట్లే.

లోతారే 2,058 మీటర్లు. పైకి చేరేసరికే గాలిబియే వైపు రోడ్డు పక్కన క్యాంపింగ్ వ్యాన్లు వరసగా ఉన్నాయి. కుర్చీలు, గొడుగులు, జెండాలు, వాకిట్లో కుక్కలు. రేసు వచ్చే చోటికి రెండు మూడు రోజుల ముందే వచ్చి కాపురం పెట్టేస్తారు వీళ్ళు. మాది నరసరావుపేట వైపు, కోటప్పకొండ తిరునాళ్ళకి ఎడ్లబండ్లు కట్టుకుని సామాన్లతో వచ్చి కొండ కింద వంటలు చేసుకునేవాళ్ళ సంగతి మా అమ్మమ్మ చెప్తుండేది, ఇక్కడ ఈ వ్యాన్లని చూస్తే నాకదే గుర్తొచ్చింది, భక్తి కూడా దాదాపు అంతే. పాత టూర్లు ఏ ఏడు ఏ మలుపులో ఎవరు ఎవర్ని దాటారో అన్నీ నోటికొచ్చు వాళ్ళకి. అటువైపు దిగి మొనెతియే అనే ఊళ్ళో టెంటు వేసుకున్నాం.

ఇక గ్రనోన్. 11.3 కిలోమీటర్లు, సగటున 9.2 శాతం వాలు. అంకె చూస్తే ఏం తెలియదు, కాళ్ళకి తెలుస్తుంది. ఒకప్పుడు సైన్యం వేసిన రోడ్డు, సన్నగా ఉంటుంది, 1986లో ఒక్కసారే టూర్ దాని మీదకొచ్చింది, అంతకుముందూ లేదు ఆ తర్వాత 2022 దాకా మళ్ళీ లేదు. సామాను టెంట్‌లో వదిలేసి పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. టాండెం మీద పది శాతం వాలు వచ్చిందంటే స్పీడు ఐదారు కిలోమీటర్లకి పడిపోతుంది, అంత నిదానంలో సైకిల్ తిన్నగా ఉండటమే ఒక పని, వెనక నేను కాస్త కదిలినా ముందు హ్యాండిల్ ఊగుతుంది. అందుకని ఎక్కుడులో నేను నీళ్ళు తాగాలన్నా చెప్పి తాగుతా. ఇద్దరి ఊపిరీ ఒకే తాళంలో పడినప్పుడు మాత్రం ఒక రకమైన సుఖం వస్తుంది, మాటలుండవు, ఎడమ చెయిన్ సన్నగా చప్పుడు చేస్తుంటుంది, నా ముందు ఆయన చొక్కా మీద చెమట మరక మెడ దగ్గర మొదలై నడుము దాకా దిగటం చూస్తూ ఎంత దూరం వచ్చామో చెప్పేయొచ్చు.

దారంతా జనం. టాండెం కనపడగానే అందరూ అరుస్తారు, అందులో ప్రతి మలుపులోనూ ఒకడు తప్పనిసరిగా "వెనకావిడ తొక్కట్లేదు!" అని ఫ్రెంచ్‌లో అరుస్తాడు. ఫ్రాన్స్‌లో టాండెం ఎక్కిన ప్రతి జంటా వినే మాట ఇది. నేను దానికి మొహం చిట్లించుకోను, అటు తిరిగి గట్టిగా "నేను తొక్కకపోతే మేం ఇంకా కిందే ఉండేవాళ్ళం" అంటా. నిజం కూడా అదే, ఎక్కుడులో ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి, స్టోకర్ సాయం లేకుండా ఏ కెప్టెనూ గ్రనోన్ ఎక్కలేడు. నడిచే చోట దిగి నడిచాం, ఎక్కే చోట ఎక్కాం, పైకి రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా గడ్డి వాలులో ఒక జాగా చూసుకుని కూర్చున్నాం. చెట్లు లేవు. ఆ వారం ఫ్రాన్స్ అంతా ఎండలు మండిపోతున్నాయి, రెయిన్‌కోటు రెండు రాళ్ళకి కట్టి నీడ చేసుకున్నాం.

ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. పక్కన బెల్జియం నుంచొచ్చిన పెద్దాయన దగ్గర చిన్న రేడియో, ఆయనే మా అందరికీ వార్తలు. గాలిబియే మీద ఒకే జట్టు రేసర్లు రోగ్లిచ్, వింగెగార్డ్ ఒకరి తర్వాత ఒకరు పొగాచార్ మీద దాడి చేస్తున్నారు, పొగాచార్ ప్రతిసారీ వెంటబడి పట్టుకుంటున్నాడు అని ఆయన చెప్తుంటే అక్కడ అందరూ "ఇంకేముంది, ఈసారి కూడా పొగాచారే" అన్నారు. అప్పటికే రెండు టూర్లు వరసగా గెలిచినవాడు కదా, ఆరోజు పసుపు జెర్సీ కూడా అతని ఒంటి మీదే. మా ఆయన మాత్రం "అన్నిసార్లు వెంటపడ్డాడు కదా, ఈ కొండ మీద దాని బాకీ కట్టాలి" అన్నాడు. పొద్దున ఈ రోడ్డు ఎక్కాం కాబట్టి నాకూ అదే అనిపించింది. ఇక్కడ ఊపిరి తీసుకునే చోటు లేదు, గాలిబియేలో ఖర్చుపెట్టిన బలం ఇక్కడ తిరిగి రాదు.

రేసు రాక ఎట్లా తెలుస్తుందంటే ముందు చెవులకి తెలుస్తుంది. లోయలో దూరంగా హెలికాప్టర్ చప్పుడు, అది ఎక్కడ తిరుగుతుందో రేసు అక్కడున్నట్టు. తర్వాత పోలీసు మోటార్‌సైకిళ్ళు, ఈలలు, కార్ల హారన్లు. తర్వాత కింద మలుపు నుంచి జనం కేక, అది ఒక్కో మలుపూ ఎక్కి మన దాకా వస్తుంది. వెనక సీట్లో రోడ్డు కనపడకుండా కూర్చుని అలవాటైనందువల్లేమో నాకు ఈ చప్పుళ్ళు బాగా తెలుస్తాయి, కేక మా కింద మలుపుకి రాగానే మా ఆయన చెయ్యి పట్టుకున్నా. వచ్చింది వింగెగార్డ్. ఒక్కడే. పసుపు జెర్సీ కాదు.

జనం ఒక్క క్షణం ఆగి మళ్ళీ అరిచారు, మొదటి కేకకీ రెండో కేకకీ తేడా ఉంది. తర్వాత కింటానా, బార్డే, తర్వాత ఇంకొందరు, ఒక్కొక్కరుగా. పొగాచార్ వచ్చేసరికి జెర్సీ జిప్పు మొత్తం తీసేసి ఉంది, పసుపు గుడ్డ రెండు పక్కలా ఎగురుతోంది, తల కిందకి, భుజాలు ఊగుతున్నాయి. పొద్దున మేం దిగి నడిచిన వాలు అది. నేను వింగెగార్డ్ వైపు ఉన్నదాన్నే అయినా పొగాచార్ మా ముందు నుంచి వెళ్తుంటే "పద నాయనా, పద, పద" అని తెలుగులో అరిచేశా, నోట్లో అదే వచ్చింది. పైకి వెళ్ళేసరికి 2 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు, పసుపు జెర్సీ వింగెగార్డ్‌కి వెళ్ళింది, ఆ ఏడు పారిస్ దాకా మళ్ళీ అతని ఒంటి మీద నుంచి దిగలేదు. మూడు వారాల రేసు తలకిందులైన చోటికి రెండు మూడు కిలోమీటర్ల లోపల మేం నిలబడి ఉన్నాం.

దిగటం గురించి కాస్త వివరంగా చెప్పాలి, టాండెం వాళ్ళకి పనికొస్తుంది. రేసు అయ్యాక చివరి బండి వెళ్ళి, పోలీసులు వదిలేదాకా ఆగాలి, ఆ తర్వాత వేలమంది ఒకేసారి దిగుతారు. నిట్టనిలువు రోడ్డు, ముందూ వెనకా జనం, బ్రేకు వదిలే వీలే లేదు. మామూలు సైకిల్‌కి ఉండే బ్రేకులు టాండెంకి చాలవు, ఇద్దరి బరువు వేడంతా ఆ చిన్న ఇనప బిళ్ళ మీదే పడుతుంది. మాకు ముందూ వెనకా 203 మిల్లీమీటర్ల డిస్కులున్నాయి, అయినా కిలోమీటరుకోసారి పక్కకి ఆపాం. ఒకసారి ఆగినప్పుడు వెనక డిస్కు చూస్తే మామూలు స్టీలు రంగు పోయి అంచున గడ్డిపసుపు, లోపలికి వెళ్ళేకొద్దీ నీలం తిరిగింది. సీసాలో నుంచి ఒక్క చుక్క నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరైపోయింది. కాలిన వాసన. పది నిమిషాలు ఆగి, ముందు బ్రేకు ఒకసారి, వెనక బ్రేకు ఒకసారి మార్చి మార్చి పట్టుకుంటూ దిగాం. సామాను టెంట్‌లో వదిలి రావడం ఎంత మంచిదైందో అప్పుడు ఇంకా బాగా తెలిసింది.

పద్నాలుగో తారీకు చీకటితోనే టెంటు విప్పాం. లోతారే పైకి తిరిగి ఎక్కాలి, కాళ్ళు ముందురోజువి. చలి. కానీ రోడ్డు మీద మాతోపాటు ఎంతమంది సైకిళ్ళ వాళ్ళో, అందరూ అదే లెక్క వేసుకున్నట్టున్నారు, గాలిబియే చూసేవాళ్ళు కొందరు, మాలాగా ఆల్ప్ దుయెజ్‌కి పరిగెత్తేవాళ్ళు కొందరు. ఎండ పడేసరికి లోతారే మీదున్నాం, అక్కడి నుంచి ఇక అంతా దిగుడే. ఈ దిగుడు గ్రనోన్‌లా నిలువు కాదు, పొడుగ్గా, వెడల్పుగా, టాండెం కోసమే వేసినట్టుంటుంది. మమ్మల్ని ఎక్కుడులో దాటిపోయినవాళ్ళందర్నీ వరసగా దాటేశాం, కొందరు మా వెనక గాలి తగలకుండా చేరి కిందదాకా వచ్చారు. బూర్ ద్వాజాన్ చేరేసరికి ఇంకా పొద్దే. అక్కడ బ్రియాన్సన్‌లో రేసు బయల్దేరడానికి ఇంకా చాలా టైముంది.

ఆల్ప్ దుయెజ్ గురించి తెలియనివాళ్ళుంటే, 21 మలుపులు, ఒక్కో మలుపుకీ నంబరు బోర్డు, కింద 21తో మొదలై పైకి 1 దాకా వస్తుంది, బోర్డు మీద అక్కడ గెలిచినవాళ్ళ పేర్లు. మొదటిది 1952లో ఫౌస్టో కొప్పి. 13.8 కిలోమీటర్లు, సగటు 8 శాతం పైన. కష్టమంతా మొదట్లోనే, మొదటి రెండు మూడు మలుపుల్లోనే తెలుస్తుంది. ఫ్రాన్స్ జాతీయ పండగ కూడా ఆరోజే, సెలవు, ఆ కొండ మీద ఇసకేస్తే రాలనంత జనం. రోడ్డు మీద అడుగు వదలకుండా పేర్లు రాసి ఉన్నాయి, రంగు ఇంకా తడిగా ఉన్నచోట చక్రాలకి అంటుకుంది.

పైకి వెళ్ళేకొద్దీ తోసేవాళ్ళు ఎక్కువయ్యారు. టాండెం కదా, వెనక నా సీటు పట్టుకుని ఇద్దరు ముగ్గురు పరిగెత్తుతూ తోస్తారు, అలిసిపోతే ఇంకో ఇద్దరు అందుకుంటారు. ఏడో మలుపు డచ్ కార్నర్. పక్కన చిన్న చర్చి, మిగతాదంతా నారింజ రంగు, డ్రమ్ములు, పాటలు, పొగ. 1952 నుంచి మొదటి పద్నాలుగు సార్లలో ఎనిమిది సార్లు ఇక్కడ గెలిచింది డచ్ వాళ్ళే, అందుకని ఈ కొండ మాది అంటారు వాళ్ళు. రోడ్డు మధ్య మనిషి పట్టేంత సందే వదిలారు, ఆ సందులో మా పొడుగాటి సైకిల్ దూరడం, బీరు నీళ్ళు ఎవరు చల్లుతున్నారో తెలియదు, చెవులు హోరెత్తిపోతున్నాయి, మా ఆయన "చూసుకో, చూసుకో" అంటున్నాడు, నాకు రోడ్డు కనపడదు కదా, కళ్ళు మూసుకుని తొక్కా. ఆ మలుపు దాటి బయటికొచ్చాక ఇద్దరం ఒక్క మాట మాట్లాడకుండా చాలాసేపు నవ్వాం. ఇంకాస్త పైన పోలీసులు సైకిళ్ళన్నీ దింపేస్తున్నారు, అక్కడే గట్టు మీద స్థిరపడ్డాం.

రేసుకి రెండు గంటల ముందు ప్రచారం బళ్ళు వస్తాయి, కారవాన్ అంటారు. కంపెనీల బొమ్మల బళ్ళ మీద నుంచి టోపీలు, మిఠాయి పొట్లాలు, చిన్న సాసేజ్ ప్యాకెట్లు విసురుతారు, పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ ఎగబడతారు. నాకు ఎర్రచుక్కల టోపీ దొరికింది, సాసేజ్‌లు మేం తినం కాబట్టి పక్కనున్న నార్వే కుటుంబానికి ఇచ్చేశాం, వాళ్ళకి సున్నుండలు కూడా పెట్టా. వాళ్ళ పెద్దబ్బాయి మూడు తిని ఇదేం చేస్తారని అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు.

ఆరోజు ముందొచ్చింది టామ్ పిడ్‌కాక్. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, గాలిబియే దిగుడులో చూసేవాళ్ళకే భయం వేసేలా దిగి ముందున్నవాళ్ళని అందుకున్నాడని రేడియోలో చెప్పారు. పొద్దున లోతారే దిగేటప్పుడు చేతులు తిమ్మిరెక్కేదాకా బ్రేకులు పట్టుకున్న మా ఆయనకి ఆ వార్త విని మాట రాలేదు. పిడ్‌కాక్ వెనక దక్షిణాఫ్రికా ఆయన మెయింట్యెస్, ఆయన వెనక క్రిస్ ఫ్రూమ్. ఇక్కడ నేను ఆపుకోలేకపోయా. నాలుగు టూర్లు గెలిచిన మనిషి, 2019లో ఘోరమైన యాక్సిడెంట్, ఇక సైకిల్ ఎక్కడనుకున్నారు, ఆ తర్వాత మూడేళ్ళు అందరి వెనకే వస్తూ ఉన్నాడు, ఎవరూ పట్టించుకోవట్లేదు. ఆరోజు ముప్పై ఏడేళ్ళ వయసులో ఆల్ప్ దుయెజ్ మీద మూడోవాడిగా వెళ్తున్నాడు. మోచేతులు బయటికి, తల హ్యాండిల్ మీదకి వంచి, ఆయన ఎప్పుడూ తొక్కే తీరే అది. బాగున్న రోజుల్లో ఆయన మీద ఈ కొండల్లోనే అరిచి గోల చేసినవాళ్ళున్నారు, ఇప్పుడు మొత్తం కొండ ఆయన పేరు పిలిచింది. నా కళ్ళ నీళ్ళు తుడుచుకునేలోపు వింగెగార్డ్, పొగాచార్ ఉన్న గుంపు వచ్చేసింది, వాళ్ళని సగమే చూశా, ఏం బాధ లేదు.

ముందున్నవాళ్ళని చూసి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, అది చాలా తప్పని నా అభిప్రాయం. ఆఖర్న వచ్చే గుంపు, గ్రుపెట్టో అంటారు, అందులో స్ప్రింటర్లు (చదును రోడ్డు మీద చివర్లో దూసుకెళ్ళేవాళ్ళు), జట్టుకి నీళ్ళ సీసాలు మోసేవాళ్ళు, దెబ్బలు తగిలి కట్లు కట్టుకున్నవాళ్ళు ఉంటారు. గెలిచినవాడి టైముకి ఇంత శాతం లోపల రాకపోతే మర్నాడు ఇంటికే. వాళ్ళ మొహాలు తీరిగ్గా చూడొచ్చు, వాళ్ళూ మనల్ని చూస్తారు. ఒకతను మా టాండెం చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు, ఎవరో నంబరు కూడా చూడలేదు.

చీకటిపడే వేళకి కిందకి దిగాం, చాలా భాగం నడుచుకుంటూనే. మర్నాడు పదమూడో స్టేజి బూర్ ద్వాజాన్ నుంచే మొదలు కాబట్టి పొద్దున ఊళ్ళో రేసర్లని మామూలుగా కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతుండగా చూశాం, వాళ్ళు సెయింట్ ఎతియెన్ వైపు వెళ్ళిపోయాక రోడ్డు తెరిచేదాకా ఆగి ఇంటిదారి పట్టాం. ఎవరైనా ఇట్లా వెళ్ళాలనుకుంటే రైళ్ళ సంగతి ముందే కనుక్కోండి, టాండెంని అన్ని రైళ్ళలోనూ ఎక్కనివ్వరు. క్యాంపింగ్ జాగా నెలల ముందు చూసుకోవాలి. నీళ్ళ గురించి భయం లేదు, కొండ ఊళ్ళలో కుళాయిలుంటాయి, కానీ గ్రనోన్ లాంటి బోడి కొండ మీదకి మాత్రం కిందే నింపుకుని వెళ్ళండి. రోడ్డు మూసే టైములు పోటీవాళ్ళే ముందుగా ప్రకటిస్తారు, కొండల మీద దానికంటే ముందే ఆపేస్తారు.

అదే జులై 24న పారిస్‌లో ఆడవాళ్ళ టూర్ మొదలైంది, చాలా ఏళ్ళ తర్వాత. అది టీవీలో చూస్తూ, వాళ్ళు మన కొండల మీదకొచ్చిన రోజు వెళ్ళి తీరాలని మా ఆయనతో చెప్పా. 2024 ఆగస్టు 18న వచ్చారు, ఆఖరి స్టేజి ఆల్ప్ దుయెజ్ పైకే. ఈసారి జాగా నేను ఎంచా, డచ్ కార్నర్ కాదు, బాగా కింద, మొదటి మలుపుల్లో, వాలు ఎక్కువున్న చోట. డెమి వోలరింగ్ ముందు వెళ్ళింది, పసుపు జెర్సీతో పోలండ్ అమ్మాయి కాషా నీవియదోమా ఆ వెనక వెంటబడి వస్తోంది. పళ్ళు బిగించి, చూపు రోడ్డు మీద నుంచి ఎత్తకుండా. "పదమ్మా, పద, వదలొద్దు" అని గొంతు పోయేదాకా అరిచా, ఆవిడ దాటాక కూడా అరుస్తూనే ఉన్నా. పక్కన పోలండ్ నుంచొచ్చిన అక్కాచెల్లెళ్ళు ఫోన్ పట్టుకుని సెకన్లు లెక్కపెడుతున్నారు, వాళ్ళ భాష నాకు రాదు, కానీ వేళ్ళు చూపిస్తున్నారు. వోలరింగ్ స్టేజి గెలిచింది. మొత్తం రేసు మాత్రం నీవియదోమాదే, నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో. ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ నన్ను గట్టిగా వాటేసుకుని అక్కడే గెంతారు, మా ఆయన ఒక చేత్తో టాండెం పడిపోకుండా పట్టుకుని రెండో చేత్తో వీడియో తీశాడు, మా అమ్మకి పంపితే, ఇంతకీ టికెట్ ఎంతయ్యిందే అని అడిగింది.